ఇంటి కప్పు మీద నిలబడి ఇల్లేదని అడిగారు

నా వృత్తి ఏమిటని ఎవరైనా అడిగితే ఆర్కిటెక్టునని చెప్పేదాన్ని. రిటైరయ్యాను కాబట్టి ఇప్పుడు ఉన్న మాట చెప్పొచ్చు. నేను ఎక్కువగా చేసింది ఇళ్ళు కట్టడం కాదు, కట్టిన ఇళ్ళను కనపడకుండా చేయడం. బళ్ళారి చుట్టుపక్కల పాత బంగళాలనూ పాత తోటలనూ కొని అతిథిగృహాలుగా మార్చుకునేవాళ్ళు నన్ను వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. వంటవాళ్ళు, మాలీలు, కాపలావాళ్ళు అందరూ తోటలోనే ఉండాలి, పిలిస్తే పలకాలి, వాళ్ళ ఇళ్ళు మాత్రం ఎవరి కంటా పడకూడదు. ఆ పనిలో నాకు మంచి పేరుండేది.

ఈ మధ్య మా చర్చిలో ఒకమ్మాయి, కొత్తగా ఆర్కిటెక్చర్ చదువు ముగించింది, "ఆంటీ, మీ అనుభవాలు రాయండి, మాకు పనికొస్తాయి" అంది. బిల్లుల సంగతీ టెండర్ల సంగతీ రాస్తే ఆ పిల్ల రెండో పేజీకే నిద్రపోతుంది. అందుకని నన్ను నిద్రపోనివ్వని ఒక్క పని గురించే రాస్తున్నాను. నా చివరి పని అది.

పెద్ద సార్ పరీక్ష

నేను పని నేర్చుకున్నది పెద్ద సార్ దగ్గర. బళ్ళారిలో ఆయన ఆఫీసు ఒక పాత మేడ మీద ఉండేది. మహా కోపిష్టి. నక్షా తీసుకుపోతే ముందు కాలువలు చూసేవాడు, తర్వాత మెట్లు, ఆఖరున గోడలు. వాననీళ్ళు ఎటు పోతాయో తెలియనివాడు పెన్సిలు పట్టడానికి వీల్లేదనేవాడు. అది ఆయన నేర్పిన మంచి పాఠం, మీరూ నేర్చుకోండి.

పనివాళ్ళ ఇళ్ళ విషయంలో మాత్రం ఆయనకు ఒకటే పరీక్ష. బంగళా వరండాలో కుర్చీ వేయించుకుని కూర్చుని, మెడ ఈ చివర నుంచి ఆ చివరికి తిప్పేవాడు. రేకు అంచు కనపడినా, ఆరేసిన చీర కనపడినా నా ఖర్మ కాలినట్టే.

"ఏంది రూతమ్మా ఇది? ఈడ కూచోని కాఫీ తాగేటోనికి వంటామె పొయ్యి కనపడతాండాది. ఫెయిల్!" అని అరిచేవాడు. "తోటలో పనోళ్ళ ఇల్లు కూరలో ఉప్పు మాదిరమ్మా. ఉండాల, కంటికి కనపడగూడదు."

నాకు ఆ మాట ఎంత నచ్చిందో చెప్పలేను. ఆయన దగ్గర నుంచి బయటికొచ్చి సొంతంగా పని మొదలుపెట్టాక నేనూ వరండాలో కుర్చీ వేసుకుని మెడ తిప్పేదాన్ని.

కొండ కింది తోట

సండూరు కొండల కింద, యశ్వంతనగర్‌కు పోయే దారిలో ఒక పాత తోట ఉంది. ఒకప్పుడు ఎవరో దొరగారు ఎండాకాలం విడిదికని వేయించుకున్నదట. రెండు మెట్లుగా ఉంటుంది. పై మెట్టు మీద బంగళా, పచ్చిక, రాతి కాలువలు. కింది మెట్టులో మామిడి, సపోటా చెట్లు. రెండింటి మధ్య, పై మెట్టు మట్టి జారకుండా ఆపే ఎత్తైన రాతిగోడ. గనుల దగ్గర లారీలు తిప్పి పైకొచ్చిన ఒక తెలుగు రైతు కుటుంబం ఆ తోటను కొంది. ఆ ఇంటి పెద్దను అందరూ దణి అనేవాళ్ళు, కన్నడంలో యజమాని అని అర్థం. నేనూ అలాగే రాస్తాను.

దణి చెడ్డవాడు కాదు, ముందే చెబుతున్నాను. తోటమాలి తిప్పేస్వామి, అతని భార్య హులిగెమ్మ, టిప్పరు నడిపే కొడుకు ఎర్రిస్వామి అప్పటిదాకా రేకుల షెడ్డులో ఉండేవాళ్ళు. ఎండాకాలం ఆ రేకు మీద రొట్టె కాల్చుకోవచ్చు. వాళ్ళకీ, ఇంకా ఒకటి రెండు కుటుంబాలకీ పక్కా ఇళ్ళు కట్టిద్దామనుకున్నాడు దణి. పెట్టింది ఒక్కటే షరతు.

"మేడమ్, తోట దొరల కాలంలో ఎట్లుండెనో అట్లే ఉండాల. బెంగళూరు నుంచి గెస్టులొస్తారు. వాళ్ళకు ఇండ్లు కనపడగూడదు. ఏం మాయ చేస్తారో మీరే చేయండి."

చేశాను. రాతిగోడ విప్పించి, మెట్టును తొలిపించి, దాని కడుపులోనే ఇళ్ళు పెట్టాను. స్లాబు మీద మట్టి పరిచి గడ్డి వేయించి పై పచ్చికలో కలిపేశాను. తలుపులు కింది మెట్టు వైపు తెరుచుకుంటాయి. వాటి ముందు చిన్న ముంగిలి, ముంగిలికి అడ్డంగా పాత రాళ్ళతోనే మళ్ళీ కట్టిన గోడ. కింద నుంచి చూస్తే పాత గోడే, పైనుంచి చూస్తే పచ్చికే. తేమ దిగకుండా, గాలి ఆడేలా, పగలు దీపం అక్కర్లేకుండా చేయడానికి నేను పడ్డ పాట్లు నాకే తెలుసు. అవి నిజంగా మంచి ఇళ్ళు. చల్లగా ఉంటాయి, కుళాయి ఉంది, మరుగుదొడ్డి ఉంది. ఆ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోను.

పని జరుగుతుండగా హులిగెమ్మ నడుముకు కొంగు బిగించి వచ్చి ఒకే ఒక్క సంగతి అడిగింది.

"మేడమ్, గడప యాడొస్తాది?"

"లోపల, ముంగిట్లో."

"దావలో పోయేటోళ్ళకి కనపడదా?"

"కనపడదు. మీకే మంచిది కదమ్మా, ఎవరూ తొంగి చూడరు" అన్నాను.

"మా ఇంట్లోకి తొంగి చూసేటోళ్ళు యాడుండారు మేడమ్" అని నవ్వి వెళ్ళిపోయింది. తమాషాకి అందనుకుని నేనూ నవ్వాను.

ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ళు

ఇళ్ళలో చేరిన కొన్నాళ్ళకు ఎర్రిస్వామికి ఒక సంబంధం వచ్చింది. అమ్మాయిది హచ్చొళ్ళి. ఇద్దరికీ ఇష్టమే. కావలసింది పెద్దల ఒప్పుదల. వాళ్ళ పద్ధతి ఒకటి ఇక్కడ చెప్పాలి. పిల్లనిచ్చేవాళ్ళు మాట ఇచ్చే ముందు అబ్బాయి ఇల్లు చూడ్డానికి వస్తారు. మిద్దెనా పెంకుటిల్లా అని కాదు. గడప ఎటుంది, ముంగిట్లో కల్లాపి చల్లారా, దేవుడి గూడు శుభ్రంగా ఉందా అని చూస్తారు. కాళ్ళకు నీళ్ళు ఇస్తే చెంబు అందుకున్నారంటే సగం ఒప్పుకున్నట్టే. అబ్బాయివాళ్ళు ఎదురువెళ్ళి పిలుచుకురాకూడదు, వెళితే ఏదో దాస్తున్నారని అనుమానం. వచ్చినవాళ్ళే నలుగురినీ అడుగుతూ ఇల్లు కనుక్కోవాలి. ఆ నలుగురూ చెప్పే మాటే వాళ్ళకు అసలు విచారణ.

ఆ రోజు నేను తోటలోనే ఉన్నాను. ఒక పత్రిక నుంచి ఫొటోగ్రాఫరు నా పనిని ఫొటోలు తీయడానికి వచ్చాడు. పచ్చిక మధ్య నిలబడి "ఇంతకీ ఇళ్ళెక్కడ మేడమ్?" అని అతను అడిగితే ఉబ్బి తబ్బిబ్బయ్యాను. అతను బంగళా వైపు వెళ్ళగానే, తెల్ల పంచె, భుజాన తువ్వాలుతో ఒక పెద్దమనిషి, వెనక ఇంకో ఇద్దరు నా దగ్గరికి వచ్చారు. ఆయన అమ్మాయి మేనమామ అని తర్వాత తెలిసింది. లోపల ఇళ్ళేమీ లేవని గేటు దగ్గర కాపలావాడు చెప్పాడట. గెస్టులకు అలా చెప్పమని దణి అతనికి నేర్పి ఉంచాడు. అయినా పట్టు విడవకుండా వీళ్ళు తోటంతా తిరిగారు. ముఖాల మీద చెమట, చెమట మీద లారీల ఎర్రదుమ్ము.

"అమ్మా, ఈడ తోట తిప్పేస్వామి ఇల్లుండాదంట. యాడమ్మా? తిరిగి తిరిగి కాళ్ళు పడిపాయ" అన్నాడాయన.

నేను నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

"మీరు దాని మీదే నిలబడ్డారండీ" అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. కాళ్ళ కిందికి చూసుకున్నాడు. గడ్డి. నేను ఉత్సాహంగా చెయ్యి ఊపుతూ, ఇదిగో ఇక్కడ కింద వంటిల్లు, అటు పడకగది అని వివరించాను. గబుక్కున వంగి చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నాడు.

"దేవుని గూడు యాడుండాది?"

నక్షా గుర్తు చేసుకుని చూపించాను. సరిగ్గా ఆ చోటికి పైన, గెస్టులు సాయంత్రం కూర్చునే ఇనుప కుర్చీలున్నాయి. ఆయన ఆ కుర్చీలను చూశాడు, నన్ను చూశాడు.

"ఏందమ్మా ఇది! దేవుని నెత్తిన కుర్చీలేసుకోని బూట్లతో కూచుంటారా? కాపురం చేసేటోళ్ళ తలకాయల మింద నడుస్తారా? పూడ్చిపెట్టినోళ్ళ మింద కూడా ఎవురూ ఇట్ల నడవరే!" "మా పిల్లను మట్టి కిందికి పంపేకి రాల్యా మేము. పదండప్పా పోదాం."

చెప్పులు చేతిలో పట్టుకునే వెళ్ళిపోయాడు.

కిందికి దిగాను. ముంగిట్లో కల్లాపి ఇంకా తడిగా ఉంది, దాని మీద ముగ్గు. గడప పక్కన చెంబుతో నీళ్ళు, మడత విప్పని తువ్వాలు. లోపల చాప పరిచి ఉంది, ఓళిగల వాసన, అదే బొబ్బట్ల వాసన, వస్తోంది. హులిగెమ్మ కొత్త చీర కట్టుకుని గుమ్మం పట్టుకుని నిలబడింది.

"వచ్చినారా మేడమ్? నెత్తిన అడుగుల సప్పుడు వినపడె. ఇంగ దిగొస్తారని నీళ్ళు పెట్టుకోని నిలబడుకోనుండా."

"వెళ్ళిపోయారమ్మా" అన్నాను. ఎందుకు వెళ్ళిపోయారో కూడా చెప్పాను, దాచలేదు. లోపల తిప్పేస్వామి చాప మీద చతికిలబడ్డాడు. ఎర్రిస్వామి ఎవరి మొహమూ చూడకుండా బయటికి నడిచాడు. హులిగెమ్మ మాత్రం కదల్లేదు.

అప్పుడు నా కళ్ళు గూటి మీద పడ్డాయి. నేనెంతో ముచ్చటపడి గోడలో చేయించిన దేవుడి గూడు ఖాళీగా ఉంది. అమ్మవారి పటం తలుపు బయట, ముంగిటి గోడకు కొట్టిన మేకుకు వేలాడుతోంది. తుడిచిన గుర్తున్నా అద్దం నిండా మళ్ళీ లారీల దుమ్ము.

"అదేమిటమ్మా, బయట పెట్టావు?"

"లోపల పెడితే ఆయమ్మ నెత్తిన బూట్లు తిరుగుతాండాయి మేడమ్. మేమంటే మనుషులం, వోర్చుకుంటాం. ఆయమ్మనెట్ల పెట్టేది?"

ఇంట్లో చేరిన రోజు నుంచీ పటం అక్కడే ఉందట. నేను ఎన్నిసార్లు వచ్చాను, ఎన్నిసార్లు ఆ మేకు పక్క నుంచే నడిచాను! నాకెందుకు చెప్పలేదని అడిగాను.

"ఇల్లిచ్చిన దణికి, కట్టిచ్చిన మీకు ఏమని చెప్పేది మేడమ్?" అంది.

దణి సంతోషం

నేరుగా దణి దగ్గరికి వెళ్ళి జరిగిందంతా చెప్పాను. ఆయనా దేవుడికి దణ్ణం పెట్టుకునే మనిషే, పిల్లల పెళ్ళిళ్ళు చేసినవాడే, ఉలిక్కిపడతాడనుకున్నాను. ఆయన తొడ చరిచి నవ్వాడు.

"మింద నిలబడుకోని ఇల్లు యాడని అడిగినారా? సూపర్ మేడమ్! అంటే ఎవురికీ గొత్తే కాల్యా!" అన్నాడు, ఎవరికీ తెలియనే లేదని మురిసిపోతూ.

ఆ ముచ్చట ఫొటోగ్రాఫరును పిలిచి మరీ చెప్పాడు. ఒక ఇంట్లో పెళ్ళి చెడిపోతుంటే ఇంత సంబరమా అని నేను నిర్ఘాంతపోయాను. కాసేపటికి ఇంకో సంగతి తట్టి మరీ ఎక్కువ బిత్తరపోయాను. పొద్దున అదే ఫొటోగ్రాఫరు అడిగినప్పుడు నేను పడ్డ సంబరమూ అదే.

కుర్చీలు తీయించండి, ఆ మేర ఎవరూ నడవకుండా పూలపొదలు వేయిద్దాం అని బతిమాలాను. "కొండ బాగా కనపడేది ఆడినుంచే మేడమ్, గెస్టులు ఫొటోలు దిగేదీ ఆడే" అని మాట దాటేశాడు.

మా అవ్వ విరిచిన కొమ్మలు

బళ్ళారికి తిరిగొస్తుంటే దారిలో మా అవ్వ గుర్తొచ్చింది. మా అవ్వ మిషన్ బంగళాలో ఆయాగా చేసేది. నేను పుట్టింది ఆ బంగళా వెనకాల క్వార్టర్సులోనే. బంగళాకూ మాకూ మధ్య నిలువెత్తు గోరింట కంచె. టీకి వచ్చే దొరసానులకు మా ఇళ్ళు కనపడకుండా పెంచింది. అవ్వ రోజూ పనికి పోతూ పోతూ ఆ కంచెలో ఒకే చోట ఒక కొమ్మ విరిచేది. మాలి మళ్ళీ అక్కడ కట్టేవాడు. ఆమె మళ్ళీ విరిచేది.

"ఎందుకవ్వా?" అంటే, "గాలికి" అనేది.

నేను నమ్మాను. గాలికే అనుకుంటూ ఇంతదాన్నయ్యాను. ఆ సందులోంచి చూస్తే మా గడప కనపడేదని, కారులో కూర్చుని ఆ రోజు మొదటిసారి తట్టింది. ఆ కంచె వెనక పుట్టినదాన్ని, బతుకంతా కంచెలు పెంచుతూ గడిపానా? డ్రైవరును కాసేపు ఆపమన్నాను.

కొత్తగా ఈ పనిలోకి వస్తున్నవాళ్ళకు ఇక్కడ ఒక మాట. ఇల్లు దాచమని అడిగేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు, కొన్నిచోట్ల దాచడమే న్యాయం కూడా. పాత తోట పాడైపోకూడదు, ఒప్పుకుంటాను. కానీ ఎంతమేర దాచాలో తోట యజమానిని మాత్రమే అడిగి ఊరుకోకండి. లోపల ఉండబోయేవాళ్ళను అడగండి. ఒకసారి అడిగితే నవ్వి ఊరుకుంటారు. రెండోసారీ అడగండి. కప్పు మీద ఎవరు నడుస్తారో గీత గీయక ముందే తేల్చుకోండి.

ఎర్రటి చదరం

కొద్ది రోజులకు దణి ఫోను చేశాడు. గొంతులో నిప్పులు రాలుతున్నాయి. "మేడమ్, జల్దీ రండి. మీ హులిగెమ్మ ఏం చేసిందో చూద్దురు!" అన్నాడు. అప్పటికి ఆమె నా హులిగెమ్మ అయిపోయింది.

గేటులోంచే కనపడింది. పచ్చటి గడ్డి మధ్య ఎర్రటి చదరం. ఎండుమిరపకాయలు. సరిగ్గా హులిగెమ్మ ఇల్లు ఎంతో అంత మేర, మూలలు కూడా తప్పకుండా పరిచి ఉన్నాయి. సిరుగుప్ప వైపు సేద్యం చేసే ఆమె తమ్ముడు బస్తాలకు బస్తాలు టెంపోలో తెచ్చి పోశాడట. ఇనుప కుర్చీలు ఒద్దికగా ఒక పక్కన పేర్చి ఉన్నాయి. ఘాటుకు వరండాలో గెస్టులు తుమ్ముతున్నారు. హులిగెమ్మ ముక్కుకు కొంగు కట్టుకుని, అంచున కూర్చుని కాయలు తిరగవేస్తోంది.

"గెస్టులుండంగ ఈడ ఆరబోస్తావా హులిగెమ్మా? ఎవుర్నడిగి?" దణి అరిచాడు.

ఆమె లేచి నిలబడింది. గొంతు పెంచలేదు.

"ఊర్లో అందరూ వాళ్ళ మిద్దె మింద వాళ్ళు ఆరబోసుకుంటారు గదా దణీ. నా మిద్దె ఇదే. తినే సరుకును ఎవురూ తొక్కరని పోసినా."

ఇన్నేళ్ళ నా చదువు, నా నక్షాలు, నా పూలపొదల సలహా అన్నీ నాకే నవ్వులాటగా కనిపించాయి. దణి నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు.

"మీరొక మాట రాసియ్యండి మేడమ్. ఆ బరువుకు స్లాబు చెడతాదని. కట్టింది మీరు, మీరు చెప్తే వింటాది. హొసపేట కాడ ఇంగో బంగళా తీసుకుంటాండా. ఆ పని మీకే."

ఆమెను ఆమె కప్పు మీది నుంచి దింపడానికి నా సంతకమా! కోపం వస్తే నాకు మాట తడబడుతుంది. ఆ రోజు తడబడలేదు, అందరూ వినేలాగే వచ్చింది.

"మిరపకాయల బరువెంత దణీ? మీ కుర్చీలు, వాటిలో కూర్చునేవాళ్ళు ఇంకా బరువు. కప్పుకు ఏమీ కాదు. ఆమె మిద్దె, ఆమె ఆరబోసుకుంటుంది."

నా మాట విని నేనే అదిరిపడ్డాను, ఎప్పుడూ ఏ యజమానితోనూ అలా మాట్లాడినదాన్ని కాను. హొసపేట పని పోయింది, ఆ తర్వాత ఇంకే పనీ రాలేదు. ఈలోగా గెస్టులు ఒక్కొక్కరే కళ్ళు తుడుచుకుంటూ దిగివచ్చి, ఎర్రటి చదరం అంచున నిలబడి ఫొటోలు దిగడం మొదలుపెట్టారు. అది చూసి దణి గొణుక్కుంటూ లోపలికి పోయాడు. ఏడవాలో నవ్వాలో తెలియలేదు నాకు.

నేను బయలుదేరబోతుంటే హులిగెమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఉండక్కా. మా తమ్ముడు వాళ్ళకు చెప్పి పంపినాడు, ఇంగో తూరి చూసేకి రమ్మని. ఈ తూరి ఎవుర్నీ అడిగే పని ల్యా అని. వస్తే ఈ పొద్దే రావాల." అప్పటిదాకా ఆమెకు నేను మేడమ్‌ని.

ఆమె కిందికి వెళ్ళింది. నేను పైనే, కింది మెట్టు నుంచి పైకి పెరిగిన మామిడి కొమ్మ నీడలో నిలబడ్డాను. మనసు ఆగడం లేదు. రాకపోతే? వచ్చి, చూసి, మళ్ళీ ఆ మాటే అంటే?

వచ్చారు. అదే తెల్ల పంచె, ఈసారి పక్కన అమ్మాయి తల్లి. గేటు దాటగానే మేనమామ ఆగిపోయాడు. కాపలావాడిని అడగలేదు, నా వైపు చూడలేదు. ఎర్రటి చదరం దాకా నడిచి వచ్చి, అంచున చెప్పులు విప్పి, దాని చుట్టూ మెల్లగా తిరిగాడు. దొర్లి గడ్డిలో పడ్డ ఒక కాయను ఏరి మళ్ళీ లోపల వేశాడు. తర్వాత మెట్టు చివరికి వచ్చి కిందికి వంగి కేకేశాడు.

"ఏమప్పా తిప్పేస్వామీ! ఇల్లు కనపడె! దిగేకి దావ యాడ?"

ఆ కేకకు, మళ్ళీ వరండాలోకి చేరిన గెస్టులందరూ మెడలు తిప్పి ఇటే చూశారు. ఆ వరండా కుర్చీల్లోంచి ఇప్పుడు అన్నీ కనపడుతున్నాయి. కప్పు, కప్పు మీద మిరపకాయలు, ఇంటికి వచ్చిన చుట్టం. పెద్ద సార్ ఉంటే ఫెయిలని చెట్లదిరేలా అరిచేవాడు. నేను మామిడి కొమ్మ పట్టుకుని ఏడ్చేశాను.

కింద నుంచి హులిగెమ్మ గొంతు వచ్చింది. "ఎడంపక్కకు రాన్నా, గోడ తిరుగు. ఈడే ఉండా."

వాళ్ళ వెనకే నేనూ దిగాను. ముంగిటి గోడకు మేకు ఒక్కటే ఉంది. పటం లోపల గూట్లో ఉంది, ముందు దీపం వెలుగుతోంది. మేనమామ గుమ్మంలోంచి ఆ దీపాన్ని చూశాడు, తల ఎత్తి కప్పును చూశాడు. పైన ఎవరి అడుగుల చప్పుడూ లేదు.

హులిగెమ్మ రెండు చేతులా చెంబు చాచింది. ఆయన అందుకున్నాడు.